సగం చదివిన రాయి

కడప సీమలో కొండ కింద ఒక ఊరు. ఊరికి ఎగువన పాత చెరువు, దాని కింద వరి పండే ఆయకట్టు, ఆయకట్టు దాటితే వేరుశనగ వేసే మెట్ట చేలు. మూడేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. చెరువులో నీళ్ళు మోకాటి లోతు దాటలేదు. వేసిన బోర్లలో సగం దుమ్మే పోశాయి. బోర్లకు తెచ్చిన అప్పు మాత్రం ఎండిపోకుండా పెరుగుతూ పోయింది.

అలాంటి రోజుల్లో ఆ ఊరికి ఒక గుర్తుల సామి వచ్చాడు. చేతిలో తోలు అట్ట వేసిన పాత పుస్తకం. అందులో పాము, తేలు, సూర్యుడు, చంద్రుడు, అరచెయ్యి, బాణం, గుండ్రటి గుంటలు ఇలా పుటకొక బొమ్మ, బొమ్మ పక్కన అర్థం. పూర్వం రాజులు, పాలెగాళ్ళు దండయాత్రల భయంతో లంకెబిందెలు పాతిపెట్టారనీ, దారి మరిచిపోకుండా రాళ్ళ మీద గుర్తులు చెక్కించారనీ, ఆ గుర్తులు చదివే విద్య తన గురువు తనకిచ్చాడనీ చెప్పాడు. అతన్ని మోసగాడని తీసిపారేయడానికి లేదు. ఆ పుస్తకాన్ని అందరికంటే ముందు నమ్మినవాడు అతనే.

ఊరి రెడ్డి మరీ తెలివితక్కువవాడు కాదు. ఊళ్ళో రాళ్ళన్నీ ఎరిగిన మనిషి ఒకడున్నాడని అతనికి గుర్తొచ్చింది. చెరువు తూము తీసి మూసే నీరుగంటి తాత. చిన్నప్పుడు రెడ్డికి ఆ చెరువులో ఈత నేర్పింది కూడా ఆయనే. "సామీ, మీరూ రాండి, తాతా వస్తాడు. ఇద్దరూ ఒకే రాయి చూడండి. ఎవరి మాట వాళ్ళు చెప్పండి. ఊరు వింటాది" అన్నాడు. మరునాడు పొద్దున్నే అందరూ బయలుదేరారు.

మొదటిది పొలిమేరలో ఉన్న వీరగల్లు. మూడు అంతస్తులుగా చెక్కిన రాయి. అడుగున కత్తి పట్టిన మనిషి, వెనక ఆవుల మంద. నడుమ అదే మనిషిని ఇద్దరు అప్సరసలు చెరో చెయ్యీ పట్టి పైకి తీసుకుపోతున్నారు. ఆ పైన అతనే శివలింగం ముందు చేతులు జోడించి కూర్చున్నాడు. అన్నిటికీ మీద ఒక పక్క సూర్యుడు, ఒక పక్క చంద్రుడు.

సామి పుస్తకం తెరిచాడు. "సూర్యుడు బంగారం. చంద్రుడు వెండి. రెండూ ఒకే రాతి మీద ఉండాయంటే జంట బిందెలే. కత్తి మొన ఎటు చూపిస్తే అటు నడవాల."

రెడ్డి తాతవైపు తిరిగాడు.

"ఎవురో పసులను తోలకపోతా ఉంటే అడ్డం పడి సచ్చినోడు నాయనా. పసులు తిరిగొచ్చినాయి, ఆయప్ప రాలేదు. ఎండా వెన్నెలా ఉన్నన్నాళ్ళు ఆయప్ప పేరు నిలబడాలని పైన సూర్యచంద్రులను చెక్కినారు. మా అవ్వ పండగపూట ఈ రాతికి నూనె పూసేది."

"మరి కత్తి మొన?"

"కత్తి పట్టుకున్నోడు ఎటో ఒక పక్కకు సూపాల గదా."

పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు. కత్తి మొన చూపినవైపు నడిచారు.

కొండ మొదట్లో ఒక పరుపుబండ. దాని మీద ముక్కోణం గీసి, ఆ ముక్కోణాన్ని అడ్డంగా నిలువుగా కోసిన గీతలు. సామి కళ్ళు మెరిశాయి. "ఇది పటం. శిఖరం కొండ. గీతలు దారులు. గీతలు కలిసేకాడ ఆగి చూడాల."

తాత చంకలో కర్ర బండకు ఆనించి కూర్చున్నాడు. "ఇది పులిజూదం సామీ. మూడు పులులు, పదైదు మేకలు. గొర్రెలు కాసేటప్పుడు ఎండపూట ఈడనే ఆడినాము. ఆ మూల గీత వంకరగా ఉండాదే, అది మా మేనమామ గీసింది. ఆయన చెయ్యి అంతే."

"పైకి ఆట మాదిరి కనపడేటట్టు గీయడమే వాళ్ళ తెలివి" అన్నాడు సామి. తాత దానికి బదులు చెప్పలేకపోయాడు. అలాంటి మాటకు బదులుండదు.

ఇంకొంచెం పైన మరో బండకు బాణం గుర్తు చెక్కి ఉంది. మొన పైకి, మొన మీద ఒక అడ్డగీత. తెల్లవాళ్ళ కాలంలో సర్వేవాళ్ళు ఎత్తు కొలుచుకోవడానికి చెక్కుకున్నారని తాత చెప్పాడు. గుంపులో ఒక కుర్రవాడికి అనుమానం వచ్చింది. "బాణం పైకి చూపిస్తా ఉంది గదా సామీ, నిధి మోడాల్లో దాచినారా?" సామి తొణకలేదు. "దొంగలను తప్పుదారి పట్టించేదానికి కొన్ని గుర్తులు తలకిందులుగా చెక్కుతారు. పైకంటే కిందికని." కుర్రవాడు తల గోక్కున్నాడు కానీ పక్కనున్న వాళ్ళ నాయన తల ఊపాడు. ఆయన మీద బోరు అప్పు ఉంది.

ఆ పక్కనే పెద్ద గుండు అంచు వెంట వరసగా పదకొండు గుంటలు, అన్నీ ఒకే ఎడంతో. సామి వేళ్ళతో లెక్కపెట్టాడు. "పదకొండు బారలు."

"వడ్డెరోళ్ళు రాయి చీల్చిన గాట్లు సామీ" అన్నాడు తాత. "వరసగా గుంటలు తొలిచి, చీలలు దిగేసి కొడితే రాయి ఆ గీతన పగలతాది. దీని రెండో సగం యాడుందో నాకు తెలుసు. మన చెరువు తూము స్తంభం అదే. దాని అంచున ఈ గుంటల రెండో సగాలు కనపడతాయి. పోయి సూడండి."

ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో. సామి పుస్తకం టప్పున మూశాడు. "విన్నారా? ముసలాయన నోటితోనే వచ్చింది. గుర్తు తూముకాడికి పంపిస్తా ఉంది."

అందరూ చెరువు దగ్గరికి దిగారు. తూము స్తంభం అంచున గాట్ల సగాలు నిజంగానే ఉన్నాయి. తాత చెప్పింది అక్షరాలా నిజమైనందుకు ఊరికి సామి మీద నమ్మకం రెట్టింపయింది. తూముకు ఎదురుగా, కట్ట మీద ఒక రాయి సగం పూడి నిలబడి ఉంది. పైకి కనిపించినంత మేర లింగం, నంది, మళ్ళీ సూర్యుడు, చంద్రుడు.

"జత కుదిరింది" అన్నాడు సామి.

రెడ్డి చివరిసారిగా అడిగాడు. "తాతా, ఈ రాయి ఏమి చెప్తాది?"

"కట్టను సూసుకోమని చెప్తాది నాయనా. మా నాయన అట్లనే చెప్పినాడు, ఆయనకు వాళ్ళ నాయన చెప్పినాడంట. ఎట్లాగూ ఇంతమంది పారలు పట్టుకోని వచ్చినారు. కొండ వాగు నుంచి చెరువుకు నీళ్ళొచ్చే కాలవ పూడిపోయి ఎన్నేండ్లయిందో మీకు తెలుసు. ఆ పూడిక తీయండి. పడిన నాలుగు చినుకులన్నా చెరువుకు చేరతాయి."

ఊరు ఇద్దరి మాటా విన్నది. ఒకరి చదువు బంగారం దగ్గర ఆగింది. ఇంకొకరి చదువు పార దగ్గర, మట్టిగంప దగ్గర ఆగింది. ఏది సరైన చదువో తేల్చుకోవడానికి ఊరికి ఎక్కువసేపు పట్టలేదు.

ముందు వీరగల్లు దగ్గర తవ్వారు. రాయిని పెకలించి పక్కన పడేశారు. రెండు రాత్రులు తవ్వితే కుండపెంకులు తప్ప ఏమీ రాలేదు. "నిధి నడిచింది" అన్నాడు సామి. "కాపలా ఉన్న పాము దాన్ని తూముకాడికి నెట్టింది. అందుకే ఆడ గుర్తు మళ్ళీ వచ్చింది." అమావాస్య రాత్రి నిమ్మకాయలు కోసి, కోడిని కోసి, కట్ట మీద రాయి పక్కన గుంత తీశారు. మనిషి లోతు దాటింది. నల్లమట్టి, దాని కింద బండరాళ్ళ కూర్పు. తెల్లారేసరికి రాయి ఒరిగింది. అంతదాకా మట్టిలో ఉన్న దాని కింది సగం బయటపడింది. నిండా పాతకాలపు అక్షరాలు.

"మంత్రబంధనం" అన్నాడు సామి. "దీన్ని విప్పాలంటే వచ్చే అమావాస్య దాకా ఆగాల." విప్పే ఖర్చు కింద ఊళ్ళో చందా వసూలు చేసుకున్నాడు.

ఆ పొద్దున నీరుగంటి తాత రెడ్డి ఇంటి గడప దగ్గర నిలబడ్డాడు. "నాయనా, నిధి సంగతి నాకొద్దు. ఆ గుంత పూడిపించు. ఊరికే మట్టి తోస్తే సాలదు, తడిపి దిమ్మిస కొట్టాల. రేపో మాపో తుపాను అంటా ఉండారు."

రెడ్డి సామి మొహం చూశాడు. "గుంత పూడిస్తే చూపు చెదురుతాది" అన్నాడు సామి. గుంత అలాగే ఉండిపోయింది.

మూడేళ్ళ బాకీ అంతా ఒక్క వారంలో తీర్చినట్టు తుపాను వాన కురిసింది. పూడిన కాలవను కూడా తోసుకుని వాగు చెరువులోకి దిగింది. మూడో రోజుకు చెరువు నిండి మరవ పారింది. ఊరంతా కట్ట మీదికి వచ్చి సంబరంగా చూసింది. ఆ రాత్రే నీళ్ళు గుంతను వెతుక్కున్నాయి. మొదట కట్ట అవతలి వాలున చెమ్మ, తరవాత వేలంత ఊట, ఆ తరవాత గండి. తాత కేకలు పెట్టి దిగువనున్న వాళ్ళను లేపబట్టి మనుషులు బతికారు. తెల్లవారేసరికి చెరువు ఖాళీ. ఆయకట్టు మీద మోకాటి లోతు ఇసుక మేట.

సామి అప్పటికే ఊళ్ళో లేడు.

కొన్నాళ్ళకు బడిలో తెలుగు చెప్పే అయ్యవారు శాసనాలు చదివే పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన రాతిని కడిగి, తడి కాగితం అద్ది, అచ్చు తీసి, ఓపికగా చదివాడు. అందులో నిధి మాట లేదు. ఈ చెరువు కట్టించినవాడు, ఏటేటా పూడిక తీసి, కట్టకు మట్టి పోసి, తూము బాగుచేసేవాళ్ళకు దశబంధంగా ఇంత నేల ఇచ్చాడు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ ధర్మం సాగాలి. దీన్ని చెడగొట్టినవాడు కాశీలో ఆవును చంపిన పాపాన పోతాడు. అంతే ఉంది.

రెడ్డికి నోట మాట రాలేదు. చివరికి అడిగాడు. "తాతా, ఈ అక్షరాలు నీకు వచ్చా?"

"నాకు ఏ అక్షరాలూ రావు నాయనా. రాయి చెప్పిన పని మాత్రం మా ఇంట్లో ఎవురూ మానలేదు."

సామి సంగతి తరవాత తెలిసింది. రెండు కొండల అవతల ఇంకో ఊళ్ళో ఉన్నాడు. పుస్తకంలో ఇప్పుడు ఒక పుట పెరిగింది. తెగిన చెరువుకట్ట బొమ్మ, దాని పక్కన అర్థం: నిధి దాటిపోయిన గుర్తు.

నీతి

దాచేవాడు గుర్తు పెట్టడు. గుర్తు పెట్టేవాడు దాచడు.

ఈ చిన్న తర్కం ఒక్కరికి తట్టినా ఆ కట్ట నిలిచేది. బిందె పాతిపెట్టినవాడికి కావలసింది ఆ చోటు ఇంకెవరికీ తెలియకపోవడం. అలాంటివాడు శిల్పిని పిలిపించి, పొలిమేరలో నిలువెత్తు రాయి నిలిపి, వచ్చేపోయే వాళ్ళందరికీ కనపడేలా సూర్యచంద్రులను చెక్కిస్తాడా? మన నేలలో నిజంగా బయటపడ్డ నాణేల కుండలు ఎక్కువగా నాగలి కర్రుకు తగిలినవి, ఇంటి పునాది తీస్తుంటే దొరికినవి. వాటిని పాతినవాడు గుర్తు తన గుండెలో పెట్టుకున్నాడు, దానితోనే పోయాడు. నలుగురికీ కనపడేలా చెక్కిన రాయి నలుగురి కోసం చెక్కినది. ఇక్కడ ఒకడు ఊరి కోసం చచ్చాడని, ఇది గుడి మాన్యమని, ఇక్కడితో ఈ ఊరి హద్దు అయిందని, ఈ చెరువును చూసుకోమని చెప్పడానికే దాన్ని నిలబెట్టారు.

కడప జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన ఆ చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. రెండేళ్ళ పాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని అందులో చెక్కించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా వరసగా చెప్పించాడు. ఆ ఆరింటిలో ఒకటి కట్టలోంచి నీరు ఊరడం. అంత సంపద ఖర్చుపెట్టినవాడు రాతి మీద దాచింది ఏమీ లేదు. తనకు తెలిసినదంతా తరవాతివాళ్ళకు అప్పజెప్పాడు.

మన పెద్దలు సప్తసంతానాలని ఏడింటిని లెక్కపెట్టారు. కొడుకు, గుడి, తోట, కావ్యం, అగ్రహారం, వాటితో పాటు నిధి, చెరువు. నిధినీ చెరువునూ ఒకే వరసలో నిలబెట్టడం ఊరికే జరగలేదు. రెండూ నేలను తవ్వితేనే వచ్చేవి, రెండూ రేపటి కోసం చేసేవి. తేడా ఒక్కటే. నిధి ఎవరికీ చెప్పకపోతేనే నిలుస్తుంది, చెరువు అందరికీ చెబితేనే నిలుస్తుంది. కథలోని ఊరు చెరువు రాతిలో నిధి రాతను వెతికింది. ఆ వెతుకులాటలో నిధి రాలేదు, ఉన్న చెరువు పోయింది.

గుర్తుల సామి తప్పు చదువు రాకపోవడం కాదు. అతని చదువు ఎన్నడూ ఓడిపోకపోవడమే అసలు తప్పు. బాణం కిందికుంటే నిధి కింద, పైకుంటే తలకిందులు. తవ్వినచోట దొరికితే గుర్తు నిజం, దొరక్కపోతే నిధి నడిచింది. ఏమి జరిగినా తనదే గెలుపని చెప్పే చదువు రాతిని చదవడం లేదు, ఎదుటివాడి అప్పునూ ఆశనూ చదువుతోంది. నీరుగంటి తాత చదువుకు పరీక్ష ఉంది. రెండో సగం తూముకాడ ఉంది, పోయి చూసుకోండి అన్నాడు. చూస్తే ఉంది. అయినా ఊరు ఆ రుజువును పట్టుకెళ్ళి సామి ఖాతాలో వేసింది. ఆశ పడ్డవాడి చేతికి నిజం ఇచ్చినా దాన్ని అబద్ధానికే వాడుకుంటాడు.

పల్లెల్లో గుప్తనిధుల పేరుతో పగులుతున్న నందులు, పెకలించిన వీరగల్లులు, ముక్కలైన నాగశిలలు ఈ కథ కట్టుకథ కాదని చెబుతూనే ఉన్నాయి. ఇనుపయుగంలో మనుషులు తమలో చనిపోయినవాళ్ళ కోసం పేర్చిన బండల సమాధులను కూడా రాక్షస గుళ్ళని పిలుస్తూ తవ్విపోస్తున్నారు. వాటిలో ఉండేవి ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు. తవ్వినవాడికి అవి పెంకులు. చదవగలిగినవాడికి, రాత రాని కాలం వదిలిపోయిన ఒకే ఒక్క రాత.

నేలలో నిజంగానే ఏదైనా దొరికితే ఏం చెయ్యాలో చెప్పే చట్టం 1878లోనే వచ్చింది. పది రూపాయలకు మించిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందమేదీ లేకపోతే, నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు నేల యజమానికి. చెప్పకుండా దాస్తే తన వాటా పోతుంది, ఏడాది దాకా జైలూ పడవచ్చు. అంటే చట్టం కూడా బయటికి చెప్పినవాడి పక్షమే.

కాబట్టి చెక్కిన రాయి కనపడితే పార తియ్యకముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీన్ని ఎవరు నిలబెట్టారు? ఎవరు చూడాలని నిలబెట్టారు? చూసినవాడు ఏమి చెయ్యాలని నిలబెట్టారు? ఈ మూడింటికీ జవాబు తెలియకపోతే ఆ ఊళ్ళో ముసలివాళ్ళను అడగాలి, శాసనాలు చదివేవాళ్ళకు కబురు పెట్టాలి. జవాబులో మనకు లాభం కనపడితే ఇంకోసారి అడగాలి. జవాబులో మనకు పని కనపడితే, చాలావరకు సరిగ్గా చదివామనే లెక్క.